కరోనా కాలంలో ప్రొఫెషనల్ ఫుట్‌బాల్‌ను నిలబెట్టింది బయోబబుల్ ఒక్కటేనా?

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ముందుగా చెబుతాను. బెంగళూరు స్థానిక లీగులో ఆడే ఒక చిన్న జట్టు వ్యవహారాలు మీరు చూసుకుంటున్నారు. కరోనా రెండేళ్లలో పెద్ద లీగులన్నీ ఏదో ఒక విధంగా సీజన్లు ముగించుకున్నాయి, మీ కుర్రాళ్లు మాత్రం నెలల తరబడి మైదానం ముఖం చూడలేదు. ఆ లీగులను కాపాడింది బయోబబులేనా (ఆటగాళ్లను బయటివారితో కలవనివ్వకుండా హోటల్‌కూ మైదానానికే పరిమితం చేసే పద్ధతి) లేక డబ్బా, అప్పుడు వచ్చిన మార్పుల్లో ఏవి ఎందుకు మిగిలాయి, మళ్లీ అలాంటి రోజులే వస్తే మీలాంటి జట్టు మొదట ఏం సిద్ధం చేసుకోవాలి అని అడిగారు.

సూటిగా చెబుతాను. బబుల్ ఒక్కటే ఏ లీగునూ కాపాడలేదు. వైరస్ ఎలాగూ లోపలికి వస్తుందని ముందే ఒప్పుకుని, అది వచ్చిన రోజున ఎవరు ఆడాలి, ఎవరు పక్కన ఉండాలి, ఎంతమంది మిగిలితే మ్యాచ్ జరపాలి, వాయిదా వేస్తే మళ్లీ ఏ రోజున ఆడించాలి అన్నవి కాగితం మీద రాసిపెట్టుకున్న పోటీలు నిలబడ్డాయి. బయటి మనిషి లోపలికి రాకపోతే చాలు అనుకున్నవి కొద్ది రోజుల్లోనే ఆగిపోయాయి. డబ్బు అవసరమే, రోజు విడిచి రోజు పరీక్షలు చేయించడం చిన్న ఖర్చు కాదు. అయినా డబ్బున్న పోటీలు కూడా సరైన నియమం లేక, క్యాలెండర్‌లో ఖాళీ లేక దెబ్బతిన్నాయి. నేను బెంగళూరులో క్రీడా ఫిజియోథెరపిస్టుగా పనిచేస్తున్నాను. లాక్‌డౌన్‌లో ఇక్కడి ఆటగాళ్లకు ఫోన్ మీదే కసరత్తులు చేయించాను, ఆ తర్వాత ఒక క్లబ్బుతో కలిసి గోవాలో ఒక సీజన్ బబుల్ లోపలే గడిపాను. కాబట్టి శరీరాల గురించి చెప్పేది నా చేతుల మీదుగా జరిగినది, మిగతాది అందరికీ తెలిసిన చరిత్ర.

ముందుగా ఆట ఆగిన తీరు గుర్తు చేసుకోవాలి. 2020 ఫిబ్రవరి 19న మిలన్‌లోని సాన్ సిరో స్టేడియంలో ఇటలీ క్లబ్బు అటలాంటాకూ స్పెయిన్ క్లబ్బు వాలెన్సియాకూ మధ్య యూరప్ క్లబ్బుల చాంపియన్స్ లీగ్ మ్యాచ్ జరిగింది. దాన్ని చూడడానికి అటలాంటా సొంత ఊరైన బెర్గామో ప్రాంతం నుంచి సుమారు 40 వేల మంది వెళ్లారు, ఆ తర్వాతి వారాల్లో ఇటలీలో అతి ఘోరంగా దెబ్బతిన్న ప్రాంతాల్లో బెర్గామో ఒకటి. మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని మహమ్మారి అని ప్రకటించిన రోజే లివర్‌పూల్, అట్లెటికో మాడ్రిడ్ మ్యాచ్‌కు 50 వేలకు పైగా జనం వచ్చారు. మరుసటి రోజు ఆర్సెనల్ కోచ్ మికెల్ ఆర్తెతాకు పాజిటివ్ అని తేలాక, 13న ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఆగింది. మన దగ్గర మార్చి 14న గోవాలోని ఫతోర్డాలో కోల్‌కతా జట్టు ఏటీకే 3-1తో చెన్నయిన్‌ను ఓడించిన ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్ ప్రేక్షకులు లేకుండానే జరిగింది. మన మరో జాతీయ లీగైన ఐ-లీగ్‌లో మోహన్ బగాన్ అప్పటికే టైటిల్ ఖాయం చేసుకుంది కనుక మిగిలిన మ్యాచ్‌లను రద్దు చేశారు. ఫ్రాన్స్ సీజన్‌ను మధ్యలో ముగించి పారిస్ క్లబ్బు పీఎస్‌జీకి టైటిల్ ఇచ్చింది, నెదర్లాండ్స్ ఎవరికీ ఇవ్వకుండానే మూసేసింది. యూరో 2020 పోటీలను ఏడాది వెనక్కి జరిపారు.

పెద్ద యూరోపియన్ లీగుల్లో మొదట లేచినది జర్మనీ. మే 6న ప్రభుత్వం అనుమతి ఇస్తే 16న అక్కడి లీగు బుండెస్లిగా మళ్లీ మొదలైంది, ఆ రోజు డార్ట్‌మండ్ 4-0తో షాల్కేను ఓడించింది. జాతీయ జట్టు వైద్యుడు టిమ్ మేయర్ నేతృత్వంలో తయారైన ప్రణాళికలో స్టేడియంను మూడు భాగాలుగా చేసి, మొత్తం మీద సుమారు 300 మందికి మించి ఉండకుండా లెక్క కట్టారు. నాకు అంతకన్నా ముఖ్యంగా తోచినది వేరొకటి ఉంది. ఆటగాళ్లకు తరచుగా పరీక్షలు చేయాలి, పాజిటివ్ వచ్చిన మనిషిని వేరు చేయాలి, మిగిలిన జట్టు సంగతి స్థానిక ఆరోగ్య శాఖ నిర్ణయించాలి అన్నది ముందే స్పష్టంగా ఉంది. రెండో డివిజన్‌లోని డైనమో డ్రెస్డెన్ జట్టును అక్కడి అధికారులు మొత్తంగా రెండు వారాలు క్వారంటైన్‌లో పెట్టినా లీగు ఆగలేదు. డ్రెస్డెన్ మ్యాచ్‌లను వెనక్కి జరిపారు, మిగతా జట్లు ఆడుకుంటూ పోయాయి. ఆ జట్టుకు మాత్రం తర్వాత రోజుల వ్యవధిలో వరుసగా ఆడాల్సి వచ్చి, చివరికి కింది డివిజన్‌కు పడిపోయింది. నియమం ఉన్నంత మాత్రాన అందరికీ న్యాయం జరుగుతుందని నేను అనను. నియమం ఉంటే ఆట నడుస్తుంది, భారం మాత్రం ఎవరో ఒకరి మీద పడుతుంది, ఆ ఒకరు సాధారణంగా చిన్న జట్టే అవుతుంది.

ఆగ్స్‌బర్గ్ కోచ్ హైకో హెర్లిఖ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆయన టూత్‌పేస్టు కొనడానికి హోటల్ దాటి బయటికి వెళ్లానని విలేకరుల సమావేశంలో చెప్పారు, ఆ ఉల్లంఘన కారణంగా కొత్త క్లబ్బుకు కోచ్‌గా తన మొదటి మ్యాచ్‌కు దూరంగా ఉన్నారు. చిన్న తప్పుకు అంత శిక్షా అని అప్పట్లో చాలామంది అన్నారు. బబుల్ లోపల గడిపిన మనిషిగా ఆ నిర్ణయం సరైనదని నేను గట్టిగా నమ్ముతాను. కోచే మినహాయింపు తీసుకుంటే ఇరవై ఏళ్ల కుర్రాడికి మనం చెప్పే మాటకు బలం ఉండదు. 2021 మేలో ఆసియా క్లబ్బుల పోటీ అయిన ఏఎఫ్‌సీ కప్ మ్యాచ్ కోసం మాల్దీవుల రాజధాని మాలే వెళ్లిన బెంగళూరు ఎఫ్‌సీ బృందంలో కొందరు నిబంధనలు దాటినప్పుడు, అక్కడి క్రీడల మంత్రి జట్టును దేశం విడిచి వెళ్లమన్నారు, క్లబ్బు యజమాని పార్థ్ జిందాల్ బహిరంగంగా క్షమాపణ చెప్పారు. ఆ మ్యాచ్ ఆగస్టులో గానీ జరగలేదు.

ఇక గోవా. 2020-21 ఐఎస్ఎల్ సీజన్ అంతా అక్కడే మూడు మైదానాల్లో జరిగింది: మడ్‌గావ్‌లోని ఫతోర్డా, బాంబోలిం, వాస్కోలోని తిలక్ మైదాన్. నవంబర్ 20 నుంచి మార్చి 13 వరకు 11 జట్లు 115 మ్యాచ్‌లు ఆడాయి, ముంబై సిటీ గెలిచింది. లోపల ఎలా ఉండేదో మీరు ప్రత్యేకంగా అడిగారు కాబట్టి నా పని జరిగిన చోటు గురించి కొంచెం వివరంగా చెబుతాను. హోటల్‌లో ఫిజియోకు ఇచ్చేది సాధారణంగా కిటికీలు తెరుచుకోని ఒక ఏసీ గది. ఆటగాడు బల్ల మీద బోర్లా పడుకుంటాడు, నేను అతని మీదికి వంగి పనిచేస్తాను, ఇద్దరి ముఖాల మధ్య మూరెడు దూరం కూడా ఉండదు. ఒక్కొక్కరితో ఇరవై నిమిషాల చొప్పున సాయంత్రం దాకా అదే గదిలో అదే గాలి. మొదటి వారాల్లో అందరి దృష్టీ బంతులు తుడవడం మీద, శిక్షణ కోన్లకు మందు చల్లడం మీద ఉండేది. మేము రెండు బల్లలను భోజనాల హాలు పక్కనున్న వరండాలోకి మార్పించుకున్నాం. ఒక్కో ఆటగాడి తువ్వాలు, టేపు చుట్ట, క్రీము అతని జెర్సీ నంబరు రాసిన సంచిలో ఉండేవి, నీళ్ల సీసాలకు తెల్ల టేపు చుట్టి దాని మీదా నంబరు రాసేవాళ్లం. భోజనం దగ్గర ఒక బల్లకు ఇద్దరు చొప్పున కూర్చునేవారు, ఆ జంటలు సీజన్ మొత్తం మారలేదు.

ఆ చివరి మాటను దయచేసి గమనించండి. జంటలు మార్చకపోవడం వల్ల ఒకరికి పాజిటివ్ వస్తే ఎవరెవరిని విడిగా ఉంచాలో వెంటనే తెలుస్తుంది. ఆరుబయట మైదానంలో పరుగెత్తుతూ ఒకరినొకరు దాటుకుపోయే క్షణాల్లో వైరస్ అంటుకోవడం అరుదని క్రమంగా అందరికీ అర్థమైంది. అసలు ప్రమాదం బస్సులో, డ్రెస్సింగ్ రూమ్‌లో, భోజనాల బల్ల దగ్గర, నేను పనిచేసే చికిత్స గదిలో ఉంది. బంతిని తుడిచే ఖర్చులో సగం కిటికీల మీద పెట్టినా ఎక్కువ మేలు జరిగేదని నా అభిప్రాయం.

రెండో గోవా సీజన్‌లో, 2022 జనవరిలో, ఒమిక్రాన్ ఆ హోటళ్లలోకి కూడా వచ్చింది. ఏటీకే మోహన్ బగాన్, ఒడిశా మ్యాచ్‌తో మొదలై అనేక మ్యాచ్‌లు వాయిదా పడ్డాయి, జట్లు గదులకే పరిమితమయ్యాయి. అయినా నాలుగు నెలల లీగు కనుక వాటిని సర్దడానికి తర్వాతి వారాల్లో చోటు దొరికింది, మార్చి 20న ఫైనల్ జరిగింది. అదే సమయంలో కోల్‌కతాలో డిసెంబర్ 26న మొదలైన ఐ-లీగ్ కొద్ది రోజులకే కేసులు బయటపడి ఆగిపోయి, మార్చి 3న గానీ తిరిగి మొదలవలేదు. 2020 ఆగస్టులో లిస్బన్‌లో ఎనిమిది జట్లతో జరిగిన చాంపియన్స్ లీగ్ చివరి దశకు ముందు అట్లెటికో మాడ్రిడ్‌లో ఇద్దరికి పాజిటివ్ వచ్చింది. వారిని వేరు చేసి, మిగిలిన జట్టుకు మళ్లీ పరీక్షలు చేసి, మ్యాచ్‌ను అనుకున్న రోజునే ఆడించారు. అమెరికాలో అక్కడి లీగు ఓర్లాండోలో పెట్టిన పోటీకి వచ్చిన ఎఫ్‌సీ డల్లాస్, నాష్‌విల్ జట్లు కేసుల వల్ల వైదొలగితే మిగతా జట్లతో పోటీని పూర్తి చేశారు.

ఇప్పుడు నన్ను ఈ రోజుకీ బాధపెట్టే ఉదాహరణ చెబుతాను. 2022 జనవరిలో మహిళల ఆసియా కప్‌కు మన దేశమే ఆతిథ్యం ఇచ్చింది. భారత జట్టు 20వ తేదీన నవీ ముంబైలో ఇరాన్‌తో 0-0గా ఆడింది. 23న చైనీస్ తైపీతో ఆడాల్సిన రోజున జట్టులో కనీసం 12 మంది పాజిటివ్‌గా ఉన్నారు. నియమం ప్రకారం కనీసం 13 మంది ఆటగాళ్ల పేర్లు ఇవ్వాలి, ఇవ్వలేకపోయారు. జట్టు పోటీ నుంచి వైదొలగినట్టు లెక్కగట్టి, ఇరాన్‌తో ఆడిన మ్యాచ్‌ను కూడా చెల్లనిదిగా తేల్చారు. ఆ పోటీ 2023 ప్రపంచ కప్‌కు అర్హత దారి కూడా. ఏళ్ల తరబడి ఆ ఒక్క నెల కోసం శ్రమించిన అమ్మాయిలు, గదుల్లో పడుకుని జ్వరం తగ్గించుకోవడం తప్ప ఏమీ చేయలేని స్థితిలో, తమ దేశంలో జరుగుతున్న పోటీని టీవీలో చూడాల్సి వచ్చింది.

ఇక్కడ నియమం లేదని అనలేం, నియమం ఉంది. కాని మూడు రోజులకో మ్యాచ్ పెట్టి, ఒక్క రోజు కూడా ఖాళీ ఉంచని పట్టికకు ఆ నియమం తోడైనప్పుడు అది రక్షణ కాకుండా శిక్ష అయింది. అదే జనవరిలో కామెరూన్‌లో జరిగిన ఆఫ్రికా కప్‌లో, గోల్‌కీపర్ లేకపోయినా సరే 11 మంది ఉంటే ఆడాల్సిందే అన్న నియమం పెట్టారు. కొమొరోస్ జట్టుకు అర్హులైన గోల్‌కీపర్లు ఎవరూ మిగలకపోతే, చాకెర్ అల్‌హదూర్ అనే డిఫెండర్ గోల్‌లో నిలబడ్డాడు. కామెరూన్‌తో 2-1 తేడాతో మాత్రమే ఓడిపోయారు, అదీ ఆట మొదట్లోనే ఒకరు రెడ్ కార్డుతో వెళ్లిపోయి పది మందితో ఆడి. ఏది న్యాయం అని నన్ను అడిగితే రెండూ కఠినమే అంటాను, కానీ కొమొరోస్ ఆటగాళ్లకు కనీసం మైదానంలోకి దిగే అవకాశం దక్కింది. ఇంగ్లండ్‌లో అవతలి తప్పు కనిపించింది. అక్కడ గాయాలు, ఇతర గైర్హాజరీలు కూడా కలుపుకుని వాయిదా అడిగే వీలు ఉండటంతో ఫిర్యాదులు పెరిగాయి. చివరికి 2022 ఫిబ్రవరి నుంచి కనీసం 4 పాజిటివ్ కేసులు ఉంటేనే వాయిదా కోరాలని ప్రీమియర్ లీగ్ మార్చింది. మీ లీగులో ఇలాంటి నియమం రాసేటప్పుడు ఈ మూడు ఉదాహరణలూ ముందు పెట్టుకోండి.

శరీరాల సంగతికి వస్తాను. నా వృత్తి ఇదే కాబట్టి కాస్త పొడవుగా రాస్తున్నాను.

లాక్‌డౌన్‌లో బెంగళూరులోని ఆస్టిన్ టౌన్, గౌతంపురా వైపు ఉండే ఆటగాళ్లకు నేను వీడియో కాల్‌లో కసరత్తులు చేయించేవాడిని. జిమ్ లేదు, మైదానం లేదు. ఉన్నది మేడ పైన సింటెక్స్ ట్యాంకుకూ బట్టలారేసే తీగకూ మధ్య కొద్దిపాటి జాగా. బెంగళూరులో ప్రతి ఇంట్లో ఉండే 20 లీటర్ల నీళ్ల క్యానే మాకు బరువు. నిండా నీళ్లుంటే 20 కిలోలు, దాన్ని గుండెకు హత్తుకుని గుంజీలు తీయడం, ఒంటికాలి మీద వంగి లేవడం చేసేవారు. మంచం పట్టీ కింద మడమలు ఇరికించి, మోకాళ్ల మీద నిలబడి, నడుం వంచకుండా నెమ్మదిగా ముందుకు వాలే కసరత్తు తొడ వెనక కండరానికి చాలా మంచిది, అదీ చేయించాను. వీటితో బలం నిలిచింది. నిలవనిది వేగం.

దీనికి కారణం ఉంది. పరుగులో కాలు ముందుకు విసిరినప్పుడు, పాదం నేలను తాకేలోపు ఆ కాలికి బ్రేకు వేసేది తొడ వెనక కండరమే. పూర్తి వేగంతో పరుగెత్తినప్పుడు ఆ కండరం మీద పడే లాగుడును మేడ మీద ఏ కసరత్తూ పూర్తిగా అనుకరించలేదు. మేడ మీద ఆటగాడు వేగం అందుకునేలోపే పిట్టగోడ వస్తుంది. అందుకని ఎంత క్రమశిక్షణతో కసరత్తు చేసినవాడైనా నెలల తర్వాత నేరుగా మ్యాచ్‌లోకి దిగితే తొడ వెనక, గజ్జల్లో, పిక్కలో కండరాలు పట్టేస్తాయి లేదా చిరుగుతాయి. బుండెస్లిగా తిరిగి మొదలైన తొలి వారాల్లో కండరాల గాయాలు ఎక్కువగా కనిపించాయి, వాళ్లకు పూర్తి జట్టుతో శిక్షణకు దొరికిన వ్యవధి చాలా తక్కువ. ఇక్కడ మైదానాలు తెరిచాక నా దగ్గరికి వచ్చిన కుర్రాళ్లలో కూడా ఎక్కువమందికి అవే గాయాలు. అందరూ చెప్పిన మాట ఒకటే, మొదటి రోజే రెండు వైపులా జట్లు కట్టుకుని పూర్తి ఆట ఆడేశామని.

అయిదుగురు సబ్‌స్టిట్యూట్ల నియమం పుట్టింది ఈ భయం నుంచే. 2020 మే 8న ఆట నియమాలు నిర్ణయించే ఐఎఫ్ఏబీ, ముగ్గురికి బదులు అయిదుగురిని మార్చుకునే తాత్కాలిక వెసులుబాటు ఇచ్చింది. సమయం వృథా కాకుండా ఆట మధ్యలో మూడు సార్లే ఆపాలి, విరామ సమయంలో చేసే మార్పులు ఈ లెక్కలోకి రావు. ప్రీమియర్ లీగ్ క్లబ్బులు తర్వాతి రెండు సీజన్లకు దీన్ని ఒప్పుకోలేదు. పెద్ద క్లబ్బుల బెంచీ మీద ఖరీదైన ఆటగాళ్లు ఉంటారు, లాభం వాళ్లకే అన్నది చిన్న క్లబ్బుల వాదన. ఆ వాదనలో నిజం ఉంది. అయినా 2022లో నియమం శాశ్వతమైంది, ఇంగ్లండ్ కూడా 2022-23 నుంచి పాటించింది, ఖతార్ ప్రపంచ కప్‌లో 23 మందికి బదులు 26 మంది జట్టును అనుమతించారు. మహమ్మారి పోయాక కూడా ఇది మిగలడానికి కారణం మ్యాచ్‌ల సంఖ్య తగ్గకపోవడమే. ఫిజియోగా నా ఓటు అయిదుగురికే. గోవా ఉక్కలో మూడు నాలుగు రోజులకో మ్యాచ్ ఆడిన కుర్రాళ్లలో, అరగంట ముందు బయటికి వచ్చినవారి కాళ్లు మర్నాడు నా బల్ల మీద ఎలా ఉండేవో, చివరిదాకా ఆడినవారివి ఎలా ఉండేవో నా వేళ్లకు తెలుసు.

గుండె విషయంలో మాత్రం ఎవరి మాటా వినకండి, వైద్యుడి మాట తప్ప. జ్వరం తగ్గగానే ఆడేస్తానని ప్రతి ఆటగాడూ అంటాడు. మొదటి ఏడాదిలో క్రీడా వైద్యులు పాటించిన పద్ధతి ఇది: కనీసం 10 రోజుల విశ్రాంతి, అందులో చివరి 7 రోజులు ఏ లక్షణమూ లేకుండా ఉండాలి, ఆ తర్వాత నడక నుంచి మెల్లగా పెంచుకుంటూ పోవాలి. తర్వాత వచ్చిన తేలిక రకాలకు ఈ గడువు తగ్గించారు. ఛాతీలో నొప్పి, గుండె దడ, మామూలు పరుగుకే ఆయాసం, కళ్లు తిరగడం, వీటిలో ఏది ఉన్నా ఈసీజీ, ఎకో (గుండె స్కాన్), గుండె కండరం దెబ్బతిన్నదేమో చెప్పే ట్రోపొనిన్ రక్తపరీక్ష చేయించి గుండె వైద్యుడికి చూపించాకే మైదానం. నా దగ్గర ఒక మిడ్‌ఫీల్డర్ ఉండేవాడు, రెండు రోజుల జ్వరం తప్ప ఏమీ రాలేదు. కానీ ఉదయం నిద్ర లేవగానే అతను రాసుకునే నాడి లెక్క జ్వరం తగ్గాక కూడా మామూలు కన్నా బాగా ఎక్కువగా ఉంటూ వచ్చింది. గుండె వైద్యుడి దగ్గరికి పంపితే పరీక్షలన్నీ సవ్యంగానే వచ్చాయి. అయినా నాడి పాత లెక్కకు దిగేదాకా కొన్ని వారాలు ఆపాం. అతనికి నామీద కోపం వచ్చింది. ఆ తర్వాత సీజన్ మొత్తం ఆడాడు.

ఖాళీ స్టేడియంల గురించి మీరు ఒక్క వాక్యంలో అడిగారు, నేనూ క్లుప్తంగా చెబుతాను. జనం లేనప్పుడు సొంత మైదానం బలం తగ్గుతుందని స్పష్టంగా తేలింది. 2020-21 ప్రీమియర్ లీగ్‌లో ఆ లీగు చరిత్రలోనే మొదటిసారిగా సొంత జట్ల విజయాల కన్నా బయటి జట్ల విజయాలు ఎక్కువ నమోదయ్యాయి. అరుపులు లేకపోతే రిఫరీలు బయటి జట్టుకు చూపే పసుపు కార్డులు కూడా తగ్గాయని పరిశోధకులు గమనించారు. మన తెలుగువాళ్లకు దీనికన్నా దగ్గరి సంగతి ఒకటుంది. 2022 మార్చి 20న ఫతోర్డాలో హైదరాబాద్ ఎఫ్‌సీ పెనాల్టీల్లో కేరళ బ్లాస్టర్స్‌ను ఓడించి ఐఎస్ఎల్ గెలిచింది, గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. గచ్చిబౌలిలో ఆ సీజన్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండానే హైదరాబాద్ చాంపియన్ అయింది. ఆ రోజు స్టేడియంకు జనాన్ని అనుమతించారు, వారిలో ఎక్కువమంది కేరళ అభిమానులే. ఇక్కడ బెంగళూరు కంఠీరవ స్టేడియంలో 2020 మార్చి 1 తర్వాత ఐఎస్ఎల్ మ్యాచ్ మళ్లీ జరిగింది 2022 అక్టోబర్ 8న.

అన్నిటికన్నా ఎక్కువ నష్టపోయినవారు బబుల్ ఖర్చు భరించలేని వాళ్లు. 2020లో మన దేశంలో జరగాల్సిన అండర్-17 మహిళల ప్రపంచ కప్ ముందు వాయిదా పడి, తర్వాత రద్దయింది. 2022లో ఇక్కడే జరిగిన పోటీకి 2005 లేదా ఆ తర్వాత పుట్టినవారే అర్హులు. 2003, 2004లో పుట్టిన అమ్మాయిలకు ఆ వయసు మళ్లీ రాదు. పెద్ద లీగులు నడవడాన్ని నేను తప్పు పట్టను, అవి నడవడం వల్ల వందల ఇళ్లలో జీతాలు అందాయి. కాని ఆ రెండేళ్లూ ఆట బతికింది అని చెప్పేటప్పుడు ఎవరి ఆట అన్నది కూడా చెప్పాలి.

ఇక మీ జట్టు. మొదట చేయాల్సింది ఖర్చు లేని పని, లీగు నిర్వాహకులతో కూర్చుని ఒక పేజీ నియమం రాయించడం. కనీస ఆటగాళ్ల సంఖ్య ఎంత, వాయిదా అడిగే హక్కు ఎన్ని కేసులకు వస్తుంది, పట్టికలో ఖాళీ వారాలు ఎన్ని, ఎవరి మాట చివరిది అన్నవి అందులో ఉండాలి. నా సలహా ప్రతి నాలుగు వారాలకు ఒక ఖాళీ వారం. ప్రభుత్వ ఆరోగ్య శాఖ మాట లీగు మాట కన్నా పైన ఉంటుందని కూడా రాయండి. 2021 సెప్టెంబర్‌లో సావో పౌలోలో బ్రెజిల్, అర్జెంటీనా మ్యాచ్ మొదలైన కొద్ది నిమిషాలకే ఆరోగ్య అధికారులు మైదానంలోకి వచ్చి ఆపేశారు, ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఆటగాళ్ల క్వారంటైన్ విషయంలో.

మీ ఇద్దరు గోల్‌కీపర్లను ఎప్పుడూ ఒకే శిక్షణ బృందంలో ఉంచకండి. ఒకే బండి మీద రానివ్వకండి కూడా. జట్టును రెండు బృందాలుగా విడదీసి వేరు వేరు వేళల్లో పిలవండి, డ్రెస్సింగ్ రూమ్ వాడకుండా ఇంటి దగ్గరే దుస్తులు మార్చుకుని రమ్మనండి. మీ కుర్రాళ్లలో సగం మంది పగలు డెలివరీ పనులు, గ్యారేజీ పనులు చేసేవారని రాశారు. వాళ్లకు బబుల్ అసాధ్యం, దాని గురించి ఆలోచించి సమయం పోగొట్టుకోవద్దు. ప్రతి ఒక్కరి చేతా ఉదయం నాడి లెక్క ఒక చిన్న పుస్తకంలో రాయించండి, ఇప్పటి నుంచే. ఆరోగ్యంగా ఉన్నప్పటి లెక్క తెలియకపోతే జబ్బు తర్వాతి లెక్కకు అర్థం ఉండదు.

మైదానం తిరిగి తెరిచాక నాలుగు వారాలు గడవకుండా మొదటి మ్యాచ్ తేదీకి ఒప్పుకోకండి. మొదటి వారం సగం వేగంతో నేరు పరుగులు, రెండో వారం ముప్పావు వేగం, మలుపులు, మూడో వారంలో వారానికి రెండు సార్లు పూర్తి వేగంతో కొద్దిపాటి పరుగులు, వాటి మధ్య బాగా విశ్రాంతి, నాలుగో వారం వచ్చేదాకా పూర్తి ఆట వద్దు. మీ లీగులో ఇంకా ముగ్గురు సబ్‌స్టిట్యూట్లే ఉంటే అయిదుగురిని అడగండి. మీ జట్టులో పద్దెనిమిది మందే ఉన్నా అడగండి, మొదటి నెలలో ఆ రెండు అదనపు మార్పులు ఏ మందూ చేయలేనంత మేలు చేస్తాయి.